పరధ్యానంలో ఉన్న పైలట్‌కి ఎంత శిక్ష వేయాలి?

మిన్నెసోటా_తెలుగమ్మాయి
అందరికీ నమస్కారం. నేను మినియాపోలిస్ పక్కన ఉంటాను. మా ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే సంగతి ఒకటుంది. 2009 అక్టోబరు 21న సాన్ డియెగో నుంచి ఇక్కడికి రావలసిన నార్త్‌వెస్ట్ 188 విమానం మా ఊరు దాటి వెళ్ళిపోయింది. 144 మంది ప్రయాణికులున్న ఎయిర్‌బస్ ఏ320 అది. ఆటోపైలట్ మీద 37 వేల అడుగుల ఎత్తులో నూరు మైళ్ళకు పైగా పోయి పక్క రాష్ట్రం విస్కాన్సిన్ మీద తేలింది. గంటా పదిహేడు నిమిషాలు రేడియోలో ఎవరు పిలిచినా పలకలేదు.

లోపల జరిగిందేమిటంటే, కంపెనీ డెల్టా ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాక డ్యూటీలు ఎంచుకునే పద్ధతి మారింది. కో-పైలట్‌కి ఆ పద్ధతి తెలుసు, కెప్టెన్‌కి తెలీదు. ఇద్దరూ సొంత లాప్‌టాప్‌లు తెరిచి, ఈయన ఆయనకి నేర్పుతున్నాడు. ఎయిర్ హోస్టెస్ ఇంటర్‌ఫోన్‌లో "ఎంతసేపట్లో దిగుతాం?" అని అడిగింది. అప్పుడు గాని ఎదురుగా ఉన్న తెర చూసుకోలేదు.

విమానం క్షేమంగా వెనక్కొచ్చి దిగింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. వారం తిరక్కుండా అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇద్దరి లైసెన్సులూ రద్దు చేసింది. కెప్టెన్‌కి 20 వేల గంటల అనుభవం, కో-పైలట్‌కి 11 వేల గంటలు, అంతకు ముందు ఒక్క మచ్చ లేదు.

మొదట్లో నేను "తగిన శాస్తే" అనుకునేదాన్ని. వచ్చే నెల మా అమ్మ హైదరాబాద్ నుంచి ఒంటరిగా వస్తోంది. ఆ టికెట్ బుక్ చేసినప్పటి నుంచి మళ్ళీ దీని గురించే ఆలోచిస్తున్నా. ఏమరుపాటుకి ఇంత పెద్ద శిక్ష వేస్తే మా అమ్మ ప్రయాణం భద్రంగా ఉంటుందా, లేక పైలట్లు తప్పులు దాచుకోవడం నేర్చుకుంటారా? మీరేమంటారు?

పల్లెవెలుగు_బిడ్డ
మా నాన్న ఆర్టీసీలో 28 ఏళ్ళు డ్రైవర్‌గా చేశారు. స్టీరింగ్ పట్టుకుని ఫోన్ తీస్తే ఉద్యోగం పోతుందని ఆయనకి తెలుసు, అందుకే తీయలేదు. యాభై మందిని మోసే మనిషికి ఉన్న నియమం 144 మందిని మోసే మనిషికి ఎందుకు ఉండకూడదు? లాప్‌టాప్ దానంతట అది తెరుచుకోదు కదా. లైసెన్స్ రద్దు చేయడం న్యాయమే.

జగిత్యాల_దుబాయ్
అక్కా, మంచి ముచ్చట తీసినవ్. నేను 2010లో దుబాయ్ల ఉన్న. మే 22న మంగళూరుల ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడ్డది. 166 మందిల 158 మంది పోయిన్రు. మా క్యాంపుల మంగళూరు పిల్లలు ముగ్గురు నలుగురు ఉండేటోళ్ళు. తెల్లారి టీవీ ముందు వాళ్ళు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల ఉన్నది.

దర్యాప్తు రిపోర్టుల ఏమొచ్చింది? రికార్డర్ల కెప్టెన్ గురక వినబడ్డది. గంటా నలభై నిమిషాలు నిద్రపోయిండు. లేచి, నిద్రమత్తు దిగకముందే దించబోయిండు. విమానం ఎక్కువ ఎత్తుల ఉన్నదని తెలిసీ దిగుడు ఆపలే. కో-పైలట్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నడు, అంటే దిగకుండ మళ్ళ పైకి లేపుమని. ఇనలే. చచ్చిపోయిన కెప్టెన్‌కి ఏం శిక్ష వేస్తరు? అందుకే అంటున్న, విమానం క్షేమంగా దిగిననాడే గట్టిగ పట్టుకోవాలె.

కుడి_సీటు
నేను కో-పైలట్‌ని. ఏ కంపెనీ అని అడగొద్దు. దుబాయ్ అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ మీరు చెప్పిన కేసూ, మిన్నెసోటా అక్క చెప్పిన కేసూ ఒకటి కాదు. లాప్‌టాప్ తెరవడం మనిషి చేసే పని. నిద్ర మనిషి మీద పడేది. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి: విమానం పోతూ ఉంటుంది, రేడియోలో పలుకు ఉండదు.

సీట్లో కునుకు తీయడానికి మన దగ్గర ఒక పద్ధతి ఉంది, కంట్రోల్డ్ రెస్ట్ అంటాం. విమానం స్థిరంగా ఎగురుతున్నప్పుడు ఒకరు కొద్దిసేపు కళ్ళు మూసుకోవచ్చు. రెండోవాళ్ళు మెలకువగా ఉండాలి, క్యాబిన్ వాళ్ళకి ముందే చెప్పాలి. అమెరికాలో అది కూడా ఒప్పుకోరు. పద్ధతి ప్రకారం పడుకోవడం వేరు, చెప్పకుండా తల వాలిపోవడం వేరు.

పద్ధతి ఉన్నా సరిపోదు. 2014 ఆగస్టులో జెట్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 ముంబై నుంచి బ్రస్సెల్స్ వెళ్తోంది. కెప్టెన్ కంట్రోల్డ్ రెస్ట్‌లో ఉన్నారు, కో-పైలట్ టాబ్లెట్‌లో మునిగి ఉన్నారు. టర్కీ మీద విమానం 5 వేల అడుగులు కిందికి జారితే అక్కడి కంట్రోలర్ చెప్పేదాకా ఇద్దరికీ తెలీలేదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇద్దరినీ సస్పెండ్ చేసింది. పడుకున్నాయన పద్ధతి ప్రకారమే పడుకున్నారు. ఆయన తప్పెంత, మెలకువగా ఉండీ చూడనాయన తప్పెంత? నాకు ఇప్పటికీ తేలలేదు.

జగిత్యాల_దుబాయ్
తమ్మీ, నువ్వు పైలట్‌వి కాబట్టి పైలట్ దిక్కు మాట్లాడుతున్నవ్. తప్పు కాదు. వెనక సీట్ల కూసునేది మేము.

నిద్ర_డాక్టర్ (విజయవాడ)
నేను ఊపిరితిత్తుల డాక్టర్ని, నిద్ర జబ్బులు చూస్తాను. ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి.

తెల్లవారుజామున రెండు నుంచి ఆరు దాకా శరీరం నిద్రనే కోరుకుంటుంది. కాఫీ తాగినా, శిక్ష భయం ఉన్నా ఆ కోరిక పోదు. ఆ టైంలో కళ్ళు తెరిచే ఉండి కూడా మెదడు కొన్ని క్షణాలు ఆగిపోతుంది. తాను నిద్రపోయినట్టు ఆ మనిషికే తెలీదు. గాఢనిద్ర నుంచి లేచిన వెంటనే కాసేపు తెలివి మందంగా ఉంటుంది, మంగళూరు కెప్టెన్ విషయంలో జరిగింది ఇదే. అందుకే కంట్రోల్డ్ రెస్ట్ తర్వాత వెంటనే విమానం చేతిలోకి తీసుకోకూడదంటారు. చిన్న కునుకు మాత్రం మంచిది. నాసా వాళ్ళు పైలట్లకి 40 నిమిషాల అవకాశం ఇచ్చి చూస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తర్వాత చురుగ్గా ఉన్నారు.

ఇంకొక కేసు. 2008 ఫిబ్రవరిలో హవాయిలో హొనొలులు నుంచి హైలోకి వెళ్ళే చిన్న విమానంలో పైలట్లిద్దరూ నిద్రపోయి ఊరు దాటిపోయారు. అర్ధరాత్రి కాదు, పట్టపగలు. తర్వాత పరీక్ష చేస్తే కెప్టెన్‌కి స్లీప్ ఆప్నియా అని తేలింది. రాత్రంతా గురకతో ఊపిరి ఆగి ఆగి, ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలని జబ్బు. ఉద్యోగాలు పోయాయి, లైసెన్సులు కొన్నాళ్ళు సస్పెండ్ అయ్యాయి.

నా దగ్గరికి రాత్రి డ్యూటీలు చేసే డ్రైవర్లు వస్తారు. సగం మంది మొదట అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, ఇది రికార్డులోకి ఎక్కుతుందా?" జబ్బు ఉందని తెలిస్తే ఉద్యోగం పోతుందని భయం. ఆ భయంతో వైద్యం లేకుండానే బండి ఎక్కుతారు. శిక్ష గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న కూడా గుర్తుంచుకోండి.

రిటైర్డ్_లోకో
డాక్టరమ్మ/డాక్టరు గారికి నమస్కారం. నేను లోకో పైలట్‌గా, అంటే రైలు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఇవాళ రాస్తున్నాను.

గూడ్స్ బండి. వరసగా నాలుగో రాత్రి డ్యూటీ. పగలు పడుకుందామంటే రన్నింగ్ రూమ్ (డ్యూటీల మధ్య మేం పడుకునే గది) కిటికీ పక్కనే జనరేటర్, దడదడా ఒకటే మోత. నిద్ర లేకుండానే సైన్ ఆన్ చేశాను. ప్రతి సిగ్నల్‌కీ నేనూ, అసిస్టెంటూ చేయి చాచి రంగు పైకి చెప్పుకోవాలి, అదే మా నియమం. తెల్లవారుజామున మూడున్నరకి నేను చేయి చాచి "గ్రీన్" అన్నాను. నోరు అలవాటుగా అంది గాని కళ్ళు చూడలేదు. అసిస్టెంట్ కుర్రాడు "సార్, రెడ్!" అని అరిచి ఎమర్జెన్సీ బ్రేక్ లాగేశాడు. బండి సిగ్నల్ స్తంభానికి పది అడుగులు ఇవతల ఆగింది.

పది అడుగులు అవతల ఆగి ఉంటే దాన్ని స్పాడ్ అంటారు. సస్పెన్షన్, చార్జిషీట్, ఉద్యోగం ఊడే దాకా పోతుంది. ఇవతల ఆగింది కాబట్టి ఏమీ లేదు. అదే కునుకు, అదే మనిషి. ఆ కుర్రాడు నా మొహం చూశాడు. నేనేం మాట్లాడలేదు. "ట్రాక్ మీద గేదె అనుకున్నాం అని రాద్దాం సార్" అన్నాడు. అలాగే రాశాం.

నిజం రాసి ఉంటే ఆ జనరేటర్ అక్కడి నుంచి మార్చేవాళ్ళేమో. నేను రిటైరయ్యే దాకా అది అక్కడే ఉంది. నా తర్వాత ఎంతమంది ఆ గదిలో నిద్ర లేకుండా లేచి బండెక్కారో.

మిన్నెసోటా_తెలుగమ్మాయి
పెద్దాయనా, ఇది రాయడానికి చాలా ధైర్యం కావాలి. మీ చేతులకి నమస్కారం.

నేను అడగాలనుకున్నది మీరే చెప్పారు. "గేదె" అని రాసిన ఆ మాట వెనక ఉన్నది భయమే కదా.

పల్లెవెలుగు_బిడ్డ
పెద్దాయన రాసింది చదివి కళ్ళు చెమర్చాయి. మా నాన్నా ఇలాంటివి ఎన్ని మింగారో. అయినా లాప్‌టాప్ విషయంలో నా మాట మారలేదు. జనరేటర్ వల్ల నిద్ర పట్టని మనిషినీ, విమానం నడుపుతూ డ్యూటీ చార్ట్ చూసుకునే మనిషినీ ఒకే గాటన కట్టకండి.

టవర్_నుంచి
నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పని చేశాను. నేల మీద కూర్చున్నవాళ్ళకి ఇది ఎలా ఉంటుందో చెబుతాను.

ఒక విమానాన్ని పిలుస్తాం, పలకదు. ఇది రోజూ ఉండేదే. పాత ఫ్రీక్వెన్సీలో ఉండిపోయి ఉంటారు, లేదా వాల్యూమ్ తగ్గి ఉంటుంది. రెండోసారి పిలుస్తాం. తర్వాత దగ్గర్లో ఎగిరే వేరే విమానాన్ని "కాస్త వాళ్ళని పిలిచి చూడండి" అంటాం. 121.5 అని అత్యవసర ఫ్రీక్వెన్సీ ఉంది, దాని మీద పిలుస్తాం. కంపెనీకి చెప్పి మెసేజ్ పెట్టిస్తాం. ఇవన్నీ అయ్యేసరికి అరచేతులకి చెమట పడుతుంది. తెర మీద ఆ చుక్క మాత్రం చక్కగా కదులుతూనే ఉంటుంది.

188 విషయంలో కంపెనీ మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టింది. ఆ విమానంలో మెసేజ్ వస్తే మోత రాదు, తెర మీద చిన్న అక్షరాలు కాసేపు కనిపించి పోతాయి. లాప్‌టాప్ వైపు తిరిగిన మనిషికి అవి కనిపించవు. కంట్రోలర్ల తప్పు కూడా అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ రాసింది. షిఫ్టులు మారుతున్నప్పుడు "ఈ విమానం పలకడం లేదు" అన్న మాట ఒకరి నుంచి ఒకరికి సరిగ్గా అందలేదు, మిలిటరీకి ఆలస్యంగా చెప్పారు. యుద్ధ విమానాలు సిద్ధం చేశారు గాని ఎగరాల్సిన అవసరం రాలేదు. చివరికి పైలట్లు పలికాక కూడా వాళ్ళ మీద నమ్మకం కుదరక, చేతుల్లో ఉన్నది వాళ్ళేనా అని తెలుసుకోవడానికి అటూ ఇటూ మలుపులు తిప్పించారు.

పైలట్లు అప్పీలులో కంట్రోలర్ల తప్పుల్నీ ఎత్తి చూపారు. కంట్రోలర్‌గా పని చేసిన మనిషిగా చెబుతున్నాను, ఆ మాటలో కొంత నిజం ఉంది. మేం గట్టిగా పట్టించుకుని ఉంటే గంటా పదిహేడు నిమిషాలు అయ్యేది కాదు.

వకీలు_గుంటూరు
చట్టం వైపు నుంచి నాలుగు మాటలు.

ప్రమాద దర్యాప్తు ఉద్దేశం మళ్ళీ ప్రమాదం జరగకుండా చూడటం, ఎవరినీ దోషిగా నిలబెట్టడం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధంలో ఈ మాట ఉంది, మన దేశంలో విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ పని చేసేదీ ఈ పద్ధతిలోనే. శిక్ష వేరే దారిలో వస్తుంది: డీజీసీఏ లైసెన్స్ సస్పెండ్ చేయడం లేదా రద్దు చేయడం ఒక దారి, క్రిమినల్ కేసు ఇంకో దారి. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే పాత ఐపీసీ 304ఏ కింద రెండేళ్ళ దాకా ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106 కింద అయిదేళ్ళ దాకా పెరిగింది.

క్రిమినల్ కేసులు ఏం చేస్తాయో ఇండొనేషియాలో చూశాం. 2007 మార్చిలో గరుడ 200 విమానం యోగ్యకర్తలో మితిమీరిన వేగంతో దిగి రన్‌వే దాటిపోయి తగలబడింది, 21 మంది చనిపోయారు. కాక్‌పిట్‌లో హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. కెప్టెన్ మనసు దించడం ఒక్కదాని మీదే బిగుసుకుపోయి అవి చెవికెక్కలేదని దర్యాప్తులో తేలింది. కింది కోర్టు రెండేళ్ళ జైలు వేసింది, పై కోర్టు కొట్టేసింది. చెవికెక్కని హెచ్చరికకి జైలు వేస్తే, రేపు ఇంకొకరి చెవికి ఎక్కుతుందా?

అయితే పల్లెవెలుగు బిడ్డ మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. లాప్‌టాప్ విషయంలో లైసెన్స్ చర్య సబబే. పది వేల అడుగుల లోపల అనవసరపు మాటలు మాట్లాడకూడదన్న నియమం అమెరికాలో 1981 నుంచి ఉంది. 1974లో షార్లట్ దగ్గర దిగబోతూ కబుర్లలో పడి విమానం కూలి 72 మంది పోయిన ప్రమాదం దానికి ఒక కారణం. 188 ఆ ఎత్తులో లేదు, కాబట్టి ఆ నియమం తగలదు. కానీ కాక్‌పిట్‌లో సొంత లాప్‌టాప్ వాడొద్దని వాళ్ళ కంపెనీ నియమమే చెబుతోంది. తెలిసి చేశారు. 2014లో ఎఫ్ఏఏ దాన్ని దేశమంతటికీ నియమం చేసింది.

జగిత్యాల_దుబాయ్
వకీల్ సాబ్, మరి అహ్మదాబాద్

మోడరేటర్
దుబాయ్ గారూ, మీ పోస్టులో మిగతా భాగం తీసేశాం, క్షమించండి. అహ్మదాబాద్ ప్రమాదంలో పైలట్ల గురించి ఊహలు ఇక్కడ వద్దు. దర్యాప్తు సాగుతోంది, చనిపోయినవాళ్ళ ఇళ్ళలో వాళ్ళు కూడా ఇలాంటి పేజీలు చదువుతారు. తేలిన కేసుల మీద మాట్లాడుకుందాం.

జగిత్యాల_దుబాయ్
సరే అన్నా. మంచిగనే చెప్పిన్రు.

రిటైర్డ్_లోకో
మోడరేటర్ గారు చెప్పినదానికి మా వైపు ఉదాహరణ ఇస్తాను. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ పాసింజరు వెనక నుంచి వచ్చి పలాస పాసింజరుని గుద్దింది. 14 మంది పోయారు. రాయగడ పాసింజరు లోకో పైలట్, అసిస్టెంటూ అందులోనే పోయారు. నాలుగు నెలల తర్వాత రైల్వే మంత్రి గారు వాళ్ళిద్దరూ ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నారని అన్నారు. ఆ మాటకి జవాబు చెప్పడానికి వాళ్ళు లేరు. ఆ రోజు ఆటోమేటిక్ సిగ్నళ్ళు పాడై ఉన్నాయి. అలాంటప్పుడు ఆగి, తర్వాత నెమ్మదిగా పోవాలని నియమం, అది పాటించలేదని మొదటి విచారణలో రాశారు. అది తప్పే, కాదనను. కానీ సిగ్నళ్ళు ఎందుకు పాడయ్యాయన్న ప్రశ్న మన ఊళ్ళలో ఎంతమంది అడిగారు? క్రికెట్ మాట మాత్రం అందరికీ గుర్తుంది.

ఇంకో సంగతి. మా ఇంజన్‌లో నిమిషం పాటు మేం ఏదీ ముట్టుకోకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ కదలకపోతే బ్రేకు దానంతట అదే పడుతుంది. విమానంలో ఇలాంటిది లేదా?

కుడి_సీటు
కొన్ని పెద్ద బోయింగ్‌లలో ఉంది పెద్దాయనా. చాలాసేపు ఏ బటనూ ముట్టుకోకపోతే ముందు మెసేజ్, తర్వాత మోత. నేను నడిపే రకంలో లేదు. గాల్లో బ్రేకు వేయలేం కాబట్టి మోతే దిక్కు.

మీరు మీ సంగతి రాశారు కాబట్టి నేనూ రాస్తాను. పొద్దుటి నుంచి రాయాలా వద్దా అని ఊగుతున్నాను.

మూడు వారాల కిందట. వరసగా రెండో రాత్రి, గల్ఫ్ నుంచి వెనక్కి వస్తున్నాం. మేం ప్రతి వే పాయింట్ (దారిలో ముందే గుర్తు పెట్టిన చోటు) దాటగానే మిగిలిన ఇంధనం ఎంతో కాగితం మీద గడిలో రాసుకుంటాం. నిద్ర రాకుండా ఏసీ గాలి మొహం మీదికి తిప్పుకున్నా. తర్వాత గుర్తున్నది రేడియోలో మా కాల్ సైన్, అంటే మా విమానాన్ని పిలిచే పేరు. కంట్రోలర్ గొంతులో అది మొదటిసారి కాదని తెలిసిపోయింది. కెప్టెన్ జవాబిచ్చారు. నేను కిందికి చూస్తే పెన్ను చేతిలోనే ఉంది, రెండు గడులు ఖాళీగా ఉన్నాయి. రెండు గడులంటే ఇరవై నిమిషాల పైమాటే. ఇంధనం తెర మీద చూసి, వెనక్కి లెక్కగట్టి ఆ రెండూ నింపేశాను.

కెప్టెన్ ఏమీ అనలేదు. నేనూ చెప్పలేదు. ఫటీగ్ రిపోర్ట్ అని, అలసట గురించి మేం రాసి ఇచ్చేది ఒకటి ఉంటుంది, దాన్ని శిక్షకి వాడకూడదని నియమం. నింపలేదు. కొత్తగా వచ్చినవాణ్ణి, కెప్టెన్ అయ్యే వరసలో ఉన్నాను. లైసెన్స్ కోసం మా నాన్న పొలం అమ్మారు.

ఇవాళ పల్లెవెలుగు బిడ్డ గారి మాట చదివాక నన్ను నేను అడిగాను. నిద్ర నా మీద పడింది, నిజమే. ఆ గడులు నింపడం మాత్రం నేను చేసిన పనే.

పల్లెవెలుగు_బిడ్డ
అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను శిక్ష శిక్ష అంటున్నది మీలాంటివాళ్ళని భయపెట్టాలని కాదు. నిద్రకి శిక్ష వద్దు, ఇది నేను ఒప్పుకుంటున్నా. కానీ మీరన్నట్టు గడులు నింపడం వేరే సంగతి. ఇప్పుడైనా రిపోర్ట్ రాయండి. మీరు రాయకపోతే ఆ రోస్టర్ (డ్యూటీల పట్టిక) రేపు ఇంకొకరికి పడుతుంది.

నిద్ర_డాక్టర్ (విజయవాడ)
నాదీ అదే మాట. ఇండొనేషియాలో 2024 జనవరి 25న బాటిక్ ఎయిర్ విమానం కెండారి నుంచి జకార్తా వస్తుంటే పైలట్లిద్దరూ ఒకేసారి 28 నిమిషాలు నిద్రపోయారు. 153 మంది ప్రయాణికులు. కో-పైలట్ ఇంట్లో నెల నిండిన కవల పిల్లలు, రాత్రుళ్ళు భార్యతో పాటు ఆయనా లేచేవాడు. కెప్టెన్ పద్ధతిగా విశ్రాంతి తీసుకుని లేచి, "నువ్వు పడుకుంటావా" అని కూడా అడిగాడు. వద్దన్నాడు. కెప్టెన్ మళ్ళీ పడుకున్నాడు, తర్వాత కో-పైలట్‌కి తెలీకుండానే నిద్ర పట్టింది. ఇంట్లో పరిస్థితి ముందే చెప్పగలిగే వాతావరణం ఉంటే ఆ కుర్రాణ్ణి ఆ విమానం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు.

మిన్నెసోటా_తెలుగమ్మాయి
తమ్ముడూ, నా ప్రశ్నకి నువ్వే జవాబిచ్చావు. మా అమ్మ ఎక్కే విమానంలో నీలాంటివాడు ఉంటే, వాడు తన కునుకు గురించి నోరు తెరిచి చెప్పగలగాలి. అదే నాకు కావలసింది. లాప్‌టాప్ తెరిస్తే లైసెన్స్ తీసేయండి, లెక్క దాచిపెడితే అడగండి, నిద్ర పట్టిందని చెప్పినవాణ్ణి మాత్రం కాపాడండి. ఆ రోస్టర్ వేసినవాళ్ళనీ అదే బల్ల ముందు కూర్చోబెట్టండి. 188లో పైలట్ల పేర్లు ప్రపంచమంతా తెలిశాయి. విలీనం హడావుడిలో ఆ కొత్త పద్ధతిని పైలట్లకి సరిగ్గా నేర్పకుండా వదిలేసినవాళ్ళ పేరు ఒక్కటీ నేను వినలేదు.

టవర్_నుంచి
రోస్టర్ మాట వచ్చింది కాబట్టి. 2024 జనవరిలో డీజీసీఏ కొత్త నియమాలు తెచ్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఆరు దాకా అన్నారు, రాత్రి డ్యూటీలో ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించారు. కంపెనీలు కష్టమంటే వెనక్కి జరుగుతూ జరుగుతూ 2025లో రెండు విడతల్లో అమల్లోకి వచ్చాయి. డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. శంషాబాద్‌లో పెట్టెల గుట్టలు, నేల మీద పడుకున్న జనాన్ని టీవీల్లో మీరూ చూసి ఉంటారు. అప్పుడు ఆ కంపెనీకి రాత్రి డ్యూటీ నియమాల్లో కొన్నింటి నుంచి ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు.

పైలట్ కునికితే లైసెన్స్ అడుగుతాం. రెండేళ్ళ ముందే తెలిసిన నియమానికి సరిపడా పైలట్లని పెట్టుకోకపోతే మినహాయింపు ఇస్తాం. నాకు మింగుడుపడనిది ఇదే.

జగిత్యాల_దుబాయ్
ఆ ముచ్చట నేను ఒప్పుకుంట. కుడి సీటు తమ్మీ, ముందు నీ మీద కోపం వచ్చింది, ఇప్పుడు లేదు. రిపోర్ట్ రాయి. ముందు మీ కెప్టెన్‌కి చెప్పు. మంగళూరుల ఆ కో-పైలట్ మూడుసార్లు నోటితో చెప్పిండు, చెయ్యి పెట్టి ఆపలే. కెప్టెన్ అంటే ఆ జంకు మీకు ఉంటది. నువ్వు ఆ జంకు దాటు.

రిటైర్డ్_లోకో
బాబూ, నేను ఇరవై ఏళ్ళకు పైగా మోశాను. నువ్వు మూడు వారాల దగ్గరే దించేసుకో.

కుడి_సీటు
(రెండు రోజుల తర్వాత)
కెప్టెన్‌కి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక, "సార్, ఆ రోజు కంట్రోలర్ పిలిచినప్పుడు నేను నిద్రలో ఉన్నాను, గడులు తర్వాత నింపాను" అని ఒక్క ముక్కలో చెప్పేశాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "నువ్వు నిద్రపోయావని నాకు తెలీదు. నన్ను లేపింది కూడా ఆ పిలుపే" అన్నారు.

మిన్నెసోటా_తెలుగమ్మాయి
అయ్యో దేవుడా. ఇద్దరూనా?

కుడి_సీటు
ఇద్దరం అక్కా. నేను ఆయన చూస్తున్నారనుకున్నా, ఆయన నేను చూస్తున్నాననుకున్నారు. నిన్న సాయంత్రం ఆయన ఇంట్లో కూర్చుని రిపోర్ట్ కలిసి రాశాం. ఖాళీ గడుల సంగతి నా చేత్తో రాశాను, ఆయన సంగతి ఆయన రాశారు. ఫారంలో గత 48 గంటల్లో ఎంత నిద్రపోయారని ఒక ప్రశ్న ఉంటుంది. నాకు తొమ్మిది గంటలు, ఆయనకి ఎనిమిదిన్నర. ఏం చేస్తారో ఇంకా తెలీదు. రేపటి డ్యూటీ మాత్రం ఇద్దరికీ తీసేశారు.